ఆట డబ్బుల కిట్: నా గొడవంతా ఇరవై నోటుతోనే

నిరుడు జూన్ నుంచి మా సెంటర్లో ఈ కిట్ వాడుతున్నాం. హన్మకొండలో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిచే చిన్న డే సెంటర్ మాది. పద్నాలుగేళ్లు దాటినవాళ్లకు డబ్బు నేర్పాలని తెప్పించాం. లామినేషన్ గట్టిది, ఇంతవరకు ఒక్క నోటూ చిరగలేదు. షీటు మీద నోటుకు నోటు జతచేసే ఆటంటే పిల్లలకు ప్రాణం.

కోపమల్లా ఇరవై నోటు మీదే. 2019 నుంచి వస్తున్న ఇరవై ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటే, కిట్‌లో ఇంకా పాత ఎర్ర నోటే ఉంది.

క్లాసులో అన్ని నోట్లూ తడుముకోకుండా చూపించే పిల్లవాణ్ణి పక్క వీధి కిరాణా షాపుకు తీసుకెళ్లాను. ఉప్పు ప్యాకెట్ తీసుకున్నాడు. "ఇరవై రూపాయలియ్యి బిడ్డా" అన్నాడు షాపాయన. పర్సులో పది, ఇరవై, యాభై అసలు నోట్లున్నాయి. ఇరవై బయటికి తీశాడు, అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ లోపల పెట్టేశాడు. "అదే బిడ్డా, గదే ఇయ్యి" అన్నా వినలేదు. "ఎర్రది లేదు టీచర్" అంటూ చాక్లెట్ రంగు పది నోటు చాపాడు. ఉన్నవాటిలో ఎరుపుకు దగ్గరగా ఉన్నది అదే మరి. వాడి కళ్లలో నీళ్లు చూసి నాకు కిట్ మీద ఒళ్లు మండింది.

షీటు మీద ఇన్నాళ్లూ జతచేసింది రంగుకు రంగే, అంకె వైపు ఎవరూ చూడలేదు. పైగా అసలు పది నోటు 123 మి.మీ., వంద నోటు 142 మి.మీ. పొడవుంటాయి, కిట్‌లో అన్నీ ఒకటే సైజు. ఇళ్లలో కూడా అంతా ఫోన్‌తో స్కాన్ చేసేస్తున్నారు, పిల్లలకు అసలు నోటు కనబడేదే తక్కువ.

ఇప్పుడు ఒక్కొక్కరికి అసలు పది, ఇరవై, యాభై, వంద నోట్లు, రూపాయి, రెండు, అయిదు, పది బిళ్లలు ఒక్కోటి ఇస్తున్నాం. మొత్తం 198 రూపాయలు. సాయంత్రం లెక్కపెట్టి డబ్బాలో వేసుకుంటాం.

బిళ్లలు నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలున్నచోట నేనైతే కిట్‌లోని కాగితం నోట్లే వాడతాను. మా దగ్గర పిల్లలు తక్కువ, షాపాయనకు ఓపిక ఎక్కువ, కాబట్టి మాకు అసలు డబ్బే కుదిరింది. పిల్లలు ఎక్కువున్న బడిలో ఇది కష్టమే కావచ్చు. ఎలాగూ కిట్టే కొనాలనుకుంటే మాత్రం, ముందు ఇరవై నోటు ఫొటో పంపమని అడగండి.