పాత 944కి ముందు స్ప్రింగులు, స్ట్రట్‌లు: ఏది మేలు?

పాత పోర్షే 944 కొన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గర ఆగాల్సిందే. ముందు స్ట్రట్‌లు, అంటే స్ప్రింగుని మోస్తూ దాని ఊపుని ఆపే నూనె డ్యాంపర్ ఉన్న గొట్టాలు, కారుతున్నాయి, ఎలాగూ విప్పాలి. పనిలో పనిగా స్ప్రింగులు కూడా మార్చేస్తే పోదా? మారిస్తే కంపెనీ ఎత్తువా, కారుని కిందికి దించేవా? ఈమధ్య వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతున్నారు. నా 1987 కారు ముందు భాగం విప్పి మళ్లీ కట్టి మూడు నెలలైంది. నేనేం వేశానో, ఎందుకు వేశానో చెబుతాను.

ముందు స్ప్రింగుల సంగతి. స్ప్రింగు వయసుతో మెత్తబడదు. దాని గట్టిదనం తీగ మందం, చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పు, ఉక్కు గుణం మీద ఆధారపడుతుంది. ముప్పై నలభై ఏళ్లు గడిచినా ఇవి మారవు. మారేది ఎత్తు, అది కాస్త కూర్చుంటుంది. అందుకే "స్ప్రింగులు వీకయ్యాయి" అని ఎవరైనా అనగానే కొత్తవి కొనెయ్యకండి. చదునైన నేల మీద కారు నిలిపి, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. రెండూ సమానంగా ఉండి, ఆ ఎత్తు మీ మోడల్‌కి ఉండాల్సిన దరిదాపుల్లోనే ఉండి, చుట్లని తుప్పు లోతుగా తినకపోతే పాతవే ఉంచుకోవచ్చు. మెత్తబడినట్టు అనిపించడానికి కారణం చాలాసార్లు డ్యాంపరే.

ఇక ఎక్కువమంది మనసు లాగేది కారుని 30 మిల్లీమీటర్లు దించే స్ప్రింగుల మీదకి. 944 ఆ ఎత్తులో ఎంత అందంగా ఉంటుందో నాకూ తెలుసు. నా కారుకి ముందు ఓనరు వేసినవి అవే, కింద మాత్రం మామూలు స్ట్రట్‌లు. విప్పి డస్ట్ బూటు (డ్యాంపర్ రాడ్డుని కప్పే తొడుగు) పైకి లాగితే బంప్ స్టాప్, అంటే చక్రం మరీ పైకి రాకుండా ఆపే నురుగు ముక్క, ఉండాల్సిన చోట పసుపురంగు పొడి రాలింది. మిగిలిన ముక్కని రెండు వేళ్లతో నొక్కితే ఎండిన మట్టిపెళ్లలా చిట్లిపోయింది. రాడ్డు పైభాగంలో, అంటే మామూలు ఎత్తులో ఎప్పుడో గానీ ట్యూబులోకి దిగని చోట, నిలువునా గీతలు. సీలు చుట్టూ నూనె చెమర్చి, దానికి దుమ్ము పట్టి నల్లటి పట్టీ కట్టింది. ఆ కారు ఏళ్ల తరబడి స్ప్రింగు మీద కాదు, బంప్ స్టాప్ మీద నడిచింది.

నా దృష్టిలో మొత్తం తేల్చేది ఇదే: కారు నిలబడి ఉన్నప్పుడు బంప్ స్టాప్ తగిలేలోపు చక్రం పైకి కదలడానికి ఎంత జాగా మిగిలింది? లెక్క చూడండి. ఆ జాగా 75 మి.మీ. అనుకుందాం. 30 మి.మీ. దించితే 45 మిగులుతుంది. గతుకు తగిలినప్పుడు స్ప్రింగు మింగగలిగే శక్తి ఆ దూరం వర్గంతో మారుతుంది. అంటే అదే గతుకుని 45 మి.మీ.లో మింగాలంటే స్ప్రింగు దాదాపు 2.8 రెట్లు గట్టిగా ఉండాలి. దించే స్ప్రింగులు మామూలుగా ఇరవై ముప్పై శాతం గట్టిగా ఉంటాయి, అంతే. మిగతా భారమంతా ఆ నురుగు ముక్క మీద పడుతుంది. మలుపు మధ్యలో గతుకు తగిలి బంప్ స్టాప్ ఆనితే, ఆ చక్రం గట్టిదనం ఒక్కసారిగా పెరిగి ముందు టైరు పట్టు జారుతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు అది నిజంగా భయపెట్టే విషయం.

"మంచి డ్యాంపర్ వేస్తే సరిపోతుంది కదా" అంటారు. సరిపోదు. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే డ్యాంపర్ గట్టిపడాల్సింది సుమారు 14 శాతమే, ఎందుకంటే అది వర్గమూలంతో పెరుగుతుంది. కొత్త డ్యాంపర్ ఏదైనా ఆ తేడాని దాదాపుగా మోయగలదు. పోయిన జాగాని మాత్రం ఏ డ్యాంపరూ తిరిగి ఇవ్వలేదు.

944 విషయంలో చిక్కులు ఇంకో రెండున్నాయి. తర్వాతి మోడళ్లలో, నా దానిలాంటి వాటిలో, ముందు కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేతులు) అల్యూమినియంవి. కారు బాగా దిగితే వాటి చివరి కీలు, అంటే బాల్ జాయింట్, వంగాల్సిన కోణం దాని హద్దు దాటుతుంది, విరిగే ప్రమాదం ఉంది. తొలినాళ్ల ఉక్కు ఆర్మ్‌లకి ఈ బెడద అంతగా లేదు. రెండోది వెనక భాగం. అక్కడున్నవి కాయిల్ స్ప్రింగులు కావు, టోర్షన్ బార్‌లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. కొద్దిపాటి సర్దుబాటు ఉంది గానీ, అది దాటితే మొత్తం దించి బార్ పళ్లని మార్చి అమర్చాలి. చాలామంది ముందు మాత్రమే దించి ఊరుకుంటారు, కారు మూతి నేలకి వంచి నడుస్తుంది.

మరి మిగిలినవి? కంపెనీ ఎత్తు స్ప్రింగు, దాంతో కంపెనీ తరహా కొత్త సీల్డ్ స్ట్రట్, అంటే లోపలి డ్యాంపర్ విడిగా తీయడానికి వీల్లేకుండా మూసేసింది. దీన్ని చిన్నచూపు చూడకండి. కింద రెండు బోల్టులు, పైన నట్టు, కోత పని లేదు. ఆదివారం సరదాగా తిప్పేవాళ్లకి, దూరప్రయాణాలు చేసేవాళ్లకి ఇంతకన్నా అక్కర్లేదు. సగం మందికి నేనిచ్చే సలహా ఇదే.

నేను వేసింది మాత్రం కంపెనీ ఎత్తులోనే ఉండి కాస్త గట్టిగా ఉండే స్ప్రింగు, దాంతో కోని పసుపు ఇన్సర్ట్, అంటే పాత స్ట్రట్ గొట్టంలో దూర్చే కొత్త డ్యాంపర్. పోర్షే కూడా ఎం030 స్పోర్ట్ సస్పెన్షన్‌లో కోని డ్యాంపర్లే వాడింది. 944ల్లో చాలావాటికి వచ్చినవి సీల్డ్ స్ట్రట్‌లు కాబట్టి ఇక్కడ కొంచెం గుండె దిటవు కావాలి: పాత స్ట్రట్ పైభాగం కోసి, లోపలి నూనె వంపి, సరంజామా లాగేసి, అడుగున రంధ్రం వేసి, ఇన్సర్ట్‌ని కింది నుంచి బోల్టుతో బిగించాలి. కొలత ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక కోయండి. ఇంత శ్రమ దేనికంటే, రాడ్డు తలపై ఉన్న నాబ్‌ని బానెట్ ఎత్తి తిప్పుకోవచ్చు. అది మార్చేది రీబౌండ్ ఒక్కటే, అంటే స్ప్రింగు తిరిగి సాగే వేగం. బాగా మెత్తని స్థానం నుంచి మొదలుపెట్టి పావు తిప్పు చొప్పున వెళ్లండి. నాది అర తిప్పు దగ్గర ఆగింది. మలుపులోకి తిప్పగానే మూతి ఊగకుండా నిలబడుతోంది, గతుకుల్లో స్టీరింగ్ చేతుల్ని గుంజడం లేదు.

బిల్‌స్టీన్ మోనోట్యూబ్ డ్యాంపర్ కూడా గట్టి సరుకే, తిప్పుకోవడానికి ఏమీ లేకపోతే హాయి అనుకునేవాళ్లు అది తీసుకోండి. కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగలిగే స్ప్రింగు, డ్యాంపర్ సెట్లు) ట్రాక్ మీద తిప్పేవాళ్లకి సరే, రోడ్డు కారుకి చప్పుడూ పనీ ఎక్కువ. పైగా స్ప్రింగు గిన్నెని కిందికి తిప్పి దించితే తినేది మళ్లీ ఆ జాగానే. ఉన్న స్ప్రింగుల చుట్లు కోయించడం గురించి అడిగినవాళ్లకి ఒకటే జవాబు, వద్దు.

ఏది వేసినా టాప్ మౌంట్లు (స్ట్రట్ తలని బాడీకి పట్టి ఉంచేవి), బంప్ స్టాప్‌లు కొత్తవి వేయండి. కాంబర్, అంటే చక్రం పక్కకి వాలే కోణం, సర్దేది స్ట్రట్ కింది రెండు బోల్టుల్లో పైదే కాబట్టి, విప్పేముందు గుర్తు పెట్టుకున్నా సరే, తర్వాత అలైన్‌మెంట్ తప్పదు. డస్ట్ బూటు కిందికి దించేముందు రాడ్డుకి ఒక కేబుల్ టై బిగించండి. నాది గతుకుల రోడ్డు మీద వారం తిప్పాక బూటు ఎత్తి చూశాను. టై పైకి జరిగి, బంప్ స్టాప్‌కి ఇంకా 18 మి.మీ. కింద ఆగి ఉంది.