వీధి కుండీగా రెండడుగుల సిమెంటు వర: ఐదుకి నాలుగు

నూతులకీ సెప్టిక్ ట్యాంకులకీ వాడే వరలే ఇవి. రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంగుళంన్నర మందం ఉన్నవి వీధి మొక్కలకి సరిపోతాయి. బెజవాడ ఎండల్లో ఇళ్ల ముందు వరసగా పెట్టాలంటే మా ఓటు వీటికే. సగానికి కోసిన నీలం డ్రమ్ములో వంద లీటర్ల మట్టి పడుతుంది, మోత కూడా తేలికే. కానీ రెండు మూడు వేసవులకి ప్లాస్టిక్ పెళుసెక్కి అంచు పగులుతుంది. గోడ పల్చన కాబట్టి ఎండ తగిలే వైపు వేర్లు మాడతాయి. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్) కుండీలు చూడముచ్చటే, పొద్దున లేచేసరికి మాయమైపోతేనే బాధ. వర ఖాళీగానే 80 కిలోల దాకా ఉంటుంది, తడి మట్టి నిండితే పావు టన్ను. ఎవరూ ఎత్తుకుపోరు, బైకు తగిలినా కదలదు.

ఆ బరువే ఇబ్బంది కూడా. మురుగు కాలువ పలకల మీద పెట్టారంటే పూడిక తీసే రోజున మీ వీధికీ పారిశుధ్య కార్మికులకీ గొడవే. కుళాయి వాల్వు మూత మీద, ట్రాన్స్‌ఫార్మర్ కింద కూడా వద్దు. ముందు సుద్దముక్కతో గుండ్రాలు గీసి, రెండు రోజులు ఆటోలు, చెత్త బండి ఎలా తిరుగుతున్నాయో చూసి అప్పుడు దించండి.

కొనేటప్పుడు రూపాయి బిళ్లతో కొట్టి చూడండి. ఖణేల్‌మనాలి. మొద్దు శబ్దం వస్తే పగులు ఉన్నట్టే. లోపలి ఇనుప తీగ బయటికి కనిపించేది తీసుకోవద్దు, తుప్పు పట్టి ఉబ్బి వరని చీలుస్తుంది. సీసీ రోడ్డు మీదైతే అడుక్కి మూత బిళ్ల కూడా కొని, అర అంగుళం బెజ్జాలు నాలుగు వేయించి, కింద ఇటుక ముక్కలు పెట్టాలి. మట్టి నేలైతే బిళ్ల అక్కర్లేదు, వేర్లు కిందికి దిగి వేసవిలో మొక్క బాగా తట్టుకుంటుంది.

ఒక మార్కు తగ్గించింది సున్నం వల్ల. కొత్త సిమెంటు నుంచి సున్నం మట్టిలోకి దిగుతుంది. నూరువరహాలు నాటితే నెలా రెణ్ణెల్లలో కొత్తాకు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. నీళ్లు చాలలేదేమో అని ఇంకా పోస్తారు, అది కాదు, ఇనుము అందడం లేదు. లీటరు నీళ్లకి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక గ్రాము కలిపి, సాయంత్రం ఆకు తడిసేలా వారానికోసారి మూడు సార్లు కొట్టాలి. అసలు మట్టి నింపకముందే వారం రోజులు వర లోపల గోనె సంచి చుట్టి రోజూ తడిపితే ఈ బెడద చాలా తగ్గుతుంది. ఇంకోటి, పొద్దున వాకిలి ఊడ్చి రాతిపిండి ముగ్గుని కుండీలోకి తోసే అలవాటుంది. అదీ సున్నపురాయి లాంటిదే.

మట్టి కొలత: 15 లీటర్ల తట్టతో ఎర్రమట్టి నాలుగు, మాగిన పశువుల ఎరువు రెండు, ఇసుక ఒకటి, కడిగిన కొబ్బరిపొట్టు ఒకటి, పైన వేపపిండి అర కిలో. నల్లరేగడి వద్దు, ఎండకి గోడ దగ్గర నెర్రె విచ్చి పోసిన నీళ్లన్నీ పక్కనుంచే జారిపోతాయి. అడుగున కంకర వేయడం వల్ల ఒరిగేదేం లేదు, బెజ్జం మీద పెంకు ముక్క చాలు. పైన రెండంగుళాలు ఖాళీ ఉంచండి.

మొక్కల్లో నందివర్ధనం, కాగితపు పూలు మొండివి. మందారని మేకలు మిగల్చవు, వాటి నుంచి తప్పించుకున్నా పిండినల్లి పట్టుకుంటుంది. గన్నేరు విషం, పిల్లలు ఆడుకునే చోట పెట్టొద్దు. మూలమలుపుల్లో ఏదైనా సరే, నేల నుంచి మూడడుగులు దాటకుండా కత్తిరించాలి.

మే నెలలో కుండీకి రోజూ ఒక బకెట్టు, పొద్దున్నే. బోరు నీళ్లతో మట్టి మీద తెల్ల ఉప్పు పేరుకుంటుంటే ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయండి, వాటిలో ఉప్పు ఉండదు. కింద పళ్లేలు మాత్రం పెట్టకండి, నిలిచిన నీళ్లలో వారం పది రోజుల్లో డెంగీ దోమ తయారవుతుంది.

ప్రతి వర మీదా నీళ్లు పోసే ఇంటి నంబరు పెయింటుతో రాయించండి. టు-లెట్ బోర్డు వేలాడే ఇంటి ముందు కుండీ మీద మాత్రం ఆ ఇంటి నంబరు కాదు, పక్కింటి నంబరు రాయాలి.