మారతహళ్లి ఫిజిక్స్ ట్యూషన్: ఫ్రిక్షన్ సూపర్, నిచ్చెన దగ్గర జారారు

మా వాడు ఫస్ట్ పీయూసీ (మన ఇంటర్ ఫస్టియర్), బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఈ ట్యూషన్‌కి శని ఆదివారాలు వెళ్తున్నాడు, రెండు నెలలైంది. సర్ గుంటూరు వైపు ఆయన, క్లాస్ ఇంగ్లీషులోనే గానీ డౌట్ అడిగితే తెలుగులో చెప్తారు, అందుకే చేర్పించా.

వీడికి ఒక జబ్బుంది, లెక్కలో ఫ్రిక్షన్ అన్న మాట కనపడితే చాలు మ్యూ ఎన్ (ఘర్షణ గుణకం ఇంటూ నేల పైకి నెట్టే నార్మల్ బలం) అని రాసేసి ముందుకెళ్లిపోతాడు. సర్ మొదటి రోజే అక్కడ పట్టుకున్నారు. 10 కిలోల పెట్టె, మ్యూ 0.5, జీ (గురుత్వ త్వరణం) 10 అనుకుంటే నేల ఎక్కువలో ఎక్కువ 50 న్యూటన్లు ఆపగలదు, మరి నువ్వు 20తో నెడితే ఫ్రిక్షన్ ఎంత అని అడిగారంట. వీడు 50 అన్నాడు. అయితే పెట్టె తిరిగి నీ మీదకే రావాలి కదరా, ఎప్పుడైనా వచ్చిందా అన్నారంట!! ఇంటికొచ్చి అదే చెప్పుకుని నవ్వుతున్నాడు. 20తో నెడితే 20యే, కదలనంత వరకు నువ్వెంత నెడితే అంత. ముందు కదులుతుందో లేదో చూడు, సూత్రం తర్వాత, ఇదీ ఆయన పద్ధతి. ఎగ్జామ్ ప్యాడ్ మీద రూపాయి బిళ్ల పెట్టి మెల్లగా లేపించి, జారడం మొదలైన కోణం కొలిపించి దానికి టాన్ కట్టిస్తే అదే మ్యూ అని చూపించారు. మా వాడు ఇంట్లో దోసె పెనం మీద ఎరేజర్ పెట్టి కూడా కొలిచాడు, పెనం మాత్రం నేనే కడుక్కున్నా.

ఇక గోడకి ఆనించిన నిచ్చెన లెక్కల దగ్గర మాత్రం అదే మనిషి టాన్ తీటా ఈక్వల్ టు వన్ బై టూ మ్యూ (తీటా అంటే నేలతో నిచ్చెన చేసే కోణం, టూ మ్యూ మొత్తం కిందే) అని బోర్డు మీద రాసి గుర్తుపెట్టుకోండి అనేశారంట, సిలబస్ తరుముతోందో ఏమో. నేల తాకే చోట మొమెంట్ (బలం తిప్పే ప్రభావం) తీసుకుంటే అక్కడి నార్మల్, ఫ్రిక్షన్ రెండూ ఎగిరిపోతాయి, నిచ్చెన బరువూ గోడ నెట్టే బలం మాత్రమే మిగులుతాయి, అది చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు కదా? నేను మెకానికల్ చదివి 15 ఏళ్లయినా నాకే గుర్తుంది. నునుపు గోడ, నేల మ్యూ 0.5 అయితే ఖాళీ నిచ్చెనకి 45 డిగ్రీలు సరిపోతాయి, మనిషి పైమెట్టు దాకా ఎక్కితే చాలవు. టెస్టులో ఇచ్చింది మనిషి ఎక్కిన లెక్కే, వీడు 45 రాసొచ్చాడు.

బ్యాచ్‌లో 30 మందికి పైనే, వెనక బెంచికి బోర్డు సరిగ్గా కనపడదంట. పార్కింగ్ అడక్కండి.

5కి 3.5 ఇస్తున్నా. ఆదివారం డౌట్ క్లాసుకి ఆ నిచ్చెన లెక్కే ఇచ్చి పంపుతున్నా, మళ్లీ మొదటి నుంచి చెప్తే వచ్చి 4 చేస్తా.