మైక్రోటిక్ హెక్స్‌లో ఆటో బ్లాకింగ్: హాస్టల్ నెట్ మీద చాలాకాలం నడిపాక నా రివ్యూ

అమీర్‌పేట్‌లో మా బాబాయ్ వాళ్ళ హాస్టల్ నెట్ నేనే చూస్తా, రెండు మూడేళ్లుగా మైక్రోటిక్ హెక్స్ అనే చిన్న రౌటర్ మీదే నడుస్తోంది, 5 గిగాబిట్ పోర్టులు 256 ఎంబీ ర్యామ్ ఉండే మోడల్. స్పీడ్ కోసం కొన్నది కాదిది. పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌కి కనిపించే అడ్రెస్) హాస్టల్ మొత్తానికి ఒక్కటే, లోపల ఎవడి లాప్‌టాప్‌కో వైరస్ తగిలి బయటికి స్పామ్ పంపితే హాస్టల్ మొత్తానికీ తగులుతుంది, గూగుల్ తెరిస్తే చాలు క్యాప్చా, కుర్రాళ్ళేమో "అన్నా నెట్ పనిచేయట్లే" అని ఒకటే ఫోన్లు.

ఫైర్‌వాల్‌లో ఒక రూల్ తేడాగా కనిపించిన ఐపీని అడ్రెస్ లిస్ట్‌లో వేస్తుంది, ఇంకో రూల్ ఆ లిస్ట్‌లో ఉన్నోళ్ళని డ్రాప్ చేస్తుంది, టైమౌట్ అయ్యాక దానంతటదే తీసేస్తుంది, అంతే. డ్రాప్ రూల్‌ని రా టేబుల్‌లో (ఫైర్‌వాల్‌లో అన్నిటికంటే ముందు చూసే రూల్స్ పట్టికలో) పెట్టండి, కనెక్షన్ ట్రాకింగ్ (ప్రతి కనెక్షన్‌నీ రౌటర్ గుర్తుపెట్టుకునే పని) దాకా పోకుండానే ప్యాకెట్ ఆగిపోతుంది కాబట్టి సీపీయూకి హాయి.

అసలు సంగతి ఏ గుర్తు చూసి బ్లాక్ చేయాలన్నది. నెట్‌లో చాలామంది చెప్పేది ఒక ఐపీకి వంద కనెక్షన్లు దాటితే వేసెయ్ అని, నాకది అస్సలు నచ్చలేదు. టొరెంట్ వాడితో పాటు రూమ్‌లో సొంత రౌటర్ పెట్టుకుని నలుగురు కలిసి వాడుకునేవాళ్ళు కూడా పోతారు, ఎందుకంటే మనకి ఆ రూమంతా ఒకటే ఐపీగా కనిపిస్తుంది, పైగా ఆ లెక్కింపు రౌటర్‌కి బాగా బరువు. పోర్ట్ చూసి పట్టుకోవడం చాలా మేలు: లోపల్నుంచి బయటికి 23, 2323 (టెల్‌నెట్, అంటే దూరంగా ఉన్న పరికరంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి), 445 (విండోస్ ఫైల్ షేరింగ్), 25 (మెయిల్ పంపడం) పోర్టులకి కొత్త కనెక్షన్ కనబడితే ఒక రోజు బ్లాక్. మామూలు మనిషికి వీటితో పనేముంది? మా దగ్గర దీనికి దొరికింది లాప్‌టాప్ కూడా కాదు, గేటు దగ్గర సీసీటీవీ డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ డబ్బా), 2016లో మిరాయ్ అనే వైరస్ చేసినట్టే టెల్‌నెట్ పోర్టులు వెతుక్కుంటూ కూర్చుంది. అమీర్‌పేట్ కదా, సీసీఎన్‌ఏ (నెట్‌వర్కింగ్ కోర్సు) నేర్చుకునే ఒక అబ్బాయి కూడా ల్యాబ్‌కి టెల్‌నెట్ కొట్టి దొరికిపోయాడు, పాపం వాడికి మినహాయింపు రూల్ రాశా.

దీనికి అందనివి కూడా ఉన్నాయి. ఒకే వైఫైలో పక్క లాప్‌టాప్ మీద దాడి చేస్తే ఆ ట్రాఫిక్ ఈ ఫైర్‌వాల్ దాకా రాదు, దానికి యాక్సెస్ పాయింట్‌లో (వైఫై ఇచ్చే డబ్బాలో) క్లయింట్ ఐసోలేషన్, అంటే ఒకరి పరికరం ఇంకొకరి దాన్ని చూడకుండా ఆపే సెట్టింగ్, ఆన్ చేయాల్సిందే, అది చేస్తే టీవీకి కాస్టింగ్ పోతుంది, దాని గొడవ దానిది. ఫోన్లలో ర్యాండమ్ మ్యాక్ (వైఫైకి చూపించే ఫోన్ గుర్తింపు నంబర్) ఆప్షన్ మారిస్తే డీహెచ్‌సీపీ (రౌటర్‌లో ఐపీలు పంచే సర్వీస్) కొత్త ఐపీ ఇచ్చేస్తుంది, తెలివైనోడు రెండు నిమిషాల్లో మళ్ళీ నెట్‌లో ఉంటాడు. వైరస్ పట్టిన మిషన్‌కి ఆ తెలివి లేదు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోను. కరెంట్ పోయి రౌటర్ రీబూట్ అయితే టైమౌట్ పెట్టిన ఎంట్రీలన్నీ ఎగిరిపోతాయి, అందుకే ఆ డీవీఆర్‌కి మాత్రం ఐపీ ఫిక్స్ చేసి టైమౌట్ లేకుండా లిస్ట్‌లో వేశా.

ఇంట్లో నాలుగు ఫోన్లు ఉన్నోళ్ళకి ఇది దండగ. కొనేవాళ్ళు ఇంకో సంగతి గమనించండి, ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రెస్‌లు) ఫైర్‌వాల్ ఇందులో వేరే, ఈ రూల్స్ ఏవీ దానికి పనిచేయవు, మళ్ళీ మొదట్నుంచి రాసుకోవాలి. మా హాస్టల్లో అయితే ఐపీవీ6నే ఆఫ్ చేసి పెట్టా.