కథ ఉన్న పదాల ఆటా, కథ లేనిదా: ఏది మేలు?

ఈ మధ్య చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తున్నారు. "అమ్మకి ఫోన్‌లో పదాల ఆట ఏదైనా వేసిపెడదామనుకుంటున్నాం. కథ ఉన్నది వేయమంటావా, మామూలుది వేయమంటావా?" మా అమ్మ రెండు రకాలూ ఆడుతుందని అందరికీ తెలుసు, అందుకని నన్ను అడుగుతారు. అమ్మని అడగరు. అడిగితే గంట చెబుతుంది.

అక్షరాల చక్రం మీద వేలు జరిపి మాటలు కలపడం, అవి వెళ్ళి గళ్ళలో కూర్చోవడం, ఇదంతా తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. నా మటుకు తేడా అంతా మాట దొరికాక ఏం జరుగుతుందన్న దాంట్లో ఉంది.

కథ ఉన్న ఆటల్లో ఎక్కువ భాగం ఒకే అచ్చులో పోసినవి. గళ్ళు నింపితే నక్షత్రం వస్తుంది, నక్షత్రం ఇస్తే ఇల్లు కొంచెం బాగుపడుతుంది, ఇల్లు బాగుపడితే కథ నాలుగు మాటలు ముందుకి జరుగుతుంది. నిజానికి ఇది పదాల ఆటలవాళ్ళ సొంత అచ్చు కూడా కాదు. 2016లో ఫోన్లలోకి వచ్చిన గార్డెన్‌స్కేప్స్, మరుసటి ఏడు వచ్చిన హోమ్‌స్కేప్స్, మూడేసి ముక్కలు కలిపే ఆటకి ఆస్టిన్ అనే బట్లర్‌నీ ఒక పాడుబడ్డ తోటనీ ఇంటినీ తగిలించి జనానికి అలవాటు చేశాయి. తర్వాత వచ్చినవాళ్ళు ముక్కలు తీసేసి అక్షరాలు పెట్టారు. స్వీడన్ వాళ్ళ వర్డింగ్టన్‌లో ఎమ్మా అనే అమ్మాయి పాత బంగళాని బాగుచేయించుకుంటూ ఉంటుంది. అమ్మ ఆడేది అది కాదు, ఆ వరసలోదే ఇంకొకటి. పేరు చెప్పను, ఎందుకంటే కాసేపట్లో దాన్ని తిట్టబోతున్నాను.

అమ్మ ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది. పేపర్లో గళ్ళ నుడికట్టు పెన్నుతోనే నింపేది, పెన్సిల్ పట్టుకోవడం నామోషీ. అలాంటి మనిషి పక్కన మొన్న తెనాలి వెళ్ళినప్పుడు కూర్చుని చూశాను. చక్రంలో ఎస్, టి, ఏ, ఆర్, ఇ ఉన్నాయి. అమ్మ 'ఆస్టర్' అని కలిపింది, అదొక పువ్వు. అది గళ్ళలో లేదు, బోనస్ కింద పోయింది. 'స్టేర్' కలిపింది, 'రేట్స్' కలిపింది, చివరికి 'టియర్స్' దొరికింది. తెర మీద చప్పట్లు, ఒక నక్షత్రం. అమ్మ కనిపెట్టిన మాట కన్నీళ్ళు. దానికి బహుమతిగా ఆ బంగళా పిల్లకి కొత్త కర్టెన్లు వచ్చాయి, ఆ పిల్ల ఒకటే నవ్వు.

నా గొడవంతా ఇదే. కన్నీళ్ళయినా కందిపప్పయినా ఆ పిల్లకి వచ్చేది కర్టెన్లే. మాట కూలీ, కథ కూలీ డబ్బులు. ఒకదాన్ని తీసి ఇంకోటి పెట్టినా రెండోదానికి తెలియను కూడా తెలియదు. ఇక ఆ కూలీ రేటైనా నిలకడగా ఉంటుందా అంటే, మొదట్లో ఒక నక్షత్రానికి వరండా అంతా కట్టేసిన ఆటే ఇప్పుడు కుర్చీకి మూడు అడుగుతోంది. మధ్యలో ముప్పై సెకన్ల ప్రకటనలు. ఒకసారి అమ్మ దాన్ని మూయబోయి ఎక్కడో నొక్కితే నాణేల సంచీ ఒకటి కొనేసింది, డబ్బులు నా అకౌంట్లోంచి పోయాయి. ఈ రకం ఆటలు ప్రకటనలో చూపించేది వేరు, లోపల ఉండేది వేరు అన్న మాట కూడా కొత్తది కాదు. 2020లో బ్రిటన్‌లో ప్రకటనల ప్రమాణాలు చూసే సంస్థ, హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ ప్రకటనలు రెండింటిని, లోపలి ఆటకి పొంతన లేదని ఆపేయమంది.

అమ్మ వాదన వేరు. "నేను పజిల్ కోసం ఆడట్లేదురా. ఆ మేనత్త ఎందుకలిగి వెళ్ళిపోయిందో తెలియాలిగా." మూడు నెలలైంది, మేనత్త ఇంకా చెప్పలేదు. సీరియల్ చూసేవాళ్ళకి ఆ ఓపిక ఎక్కడినుంచి వస్తుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. కానీ అక్కడ అమ్మ తప్పేం లేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒళ్ళు వాల్చి, పెద్దగా బుర్ర పెట్టకుండా, నలుగురు మనుషుల సంగతి వినాలనుకునేవాళ్ళకి ఈ రకమే సరి. మా పెద్దమ్మ కూడా అదే అంటుంది, ఆవిడ అయితే మాటలు దొరక్కపోతే మనవడిని పిలిచి గళ్ళు నింపించుకుని కథ మాత్రం తను చదువుకుంటుంది.

కథా, మాటా ఒకటే అయిన ఆటలు లేవా అంటే, ఉన్నాయి. తక్కువ. నాకు బాగా నచ్చింది 2013లో నెవెన్ మర్గన్, జేమ్స్ మూర్ అనే ఇద్దరు చేసిన బ్లాక్‌బార్. చక్రం లేదు, గళ్ళు లేవు, బొమ్మలు లేవు, బంగళా అసలే లేదు. తెర మీద ఒక ఉత్తరం ఉంటుంది. అందులో కొన్ని మాటల మీద సెన్సార్ వాళ్ళు నల్ల రంగు పూశారు. ఆ నలుపు కింద ఏముందో మీరు ఊహించి టైపు చేయాలి, నలుపు పొడవే అక్షరాల లెక్క. సరిపోతే తర్వాతి ఉత్తరం. అంతే ఆట.

ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక వాక్యం అల్లాను, ఆటలోది కాదు.

"నిన్న రాత్రి ■■■ వాళ్ళు వచ్చి నాన్నని తీసుకెళ్ళారు."

మూడక్షరాలు. 'మావయ్య' అని పెట్టండి, ఇంట్లో ఏదో పెళ్ళి ఉంది, నాన్నకి కొత్త పంచె కట్టించి తీసుకెళ్ళారు. 'పోలీసు' అని పెట్టండి. అవే మూడు గళ్ళు. ఈ రెండింట్లో ఏది అని తేల్చుకోవాలంటే ముందు ఉత్తరంలో నాన్న ఎవరితో తిరుగుతున్నాడో గుర్తుండాలి, రాస్తున్న మనిషి భయపడుతూ రాస్తోందా మామూలుగా రాస్తోందా పట్టుకోవాలి. అంటే కథ చదవనివాడికి మాట దొరకదు, మాట దొరకనివాడికి కథ కదలదు. నేను చూసేది ఇదొక్కటే. గ్రాఫిక్సూ, లెవెళ్ళ లెక్కా నాకు రెండో మాటే.

దీంతో ఇబ్బందులూ ఉన్నాయి. సూచన బటన్ లేదు, నాణేలిచ్చి మాట కొనుక్కునే వీలు లేదు. తట్టకపోతే తట్టనట్టే, అక్కడే కూర్చోవాలి. ఇంగ్లీషు బాగా వచ్చి ఉండాలి, వచ్చినా సరే కొన్ని చోట్ల మాట కన్నా రాసినవాడి చమత్కారాన్ని పట్టుకోవాల్సి ఉంటుంది. ఊరికే దొరకదు, కొనాలి. పైగా చిన్నది, అయిపోతే అయిపోయినట్టే. రోజూ అరగంట చొప్పున ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళకి ఇది చాలదు. నడిచి వెళ్ళేటప్పుడో, బస్సులోనో ఆడే ఆట కూడా కాదు.

నా పాత ఐప్యాడ్‌లో దీన్ని అమ్మకి పెట్టిచ్చాను. "ఇది పరీక్ష పేపర్లా ఉందిరా, ఖాళీలు పూరింపుము" అంది మొదటి పేజీకి. రెండో ఉత్తరానికి కళ్ళజోడు తుడుచుకుంది. తర్వాత ఐప్యాడ్ ఒళ్ళో పెట్టుకుని ఎమర్జెన్సీ గురించి మొదలుపెట్టింది. అప్పుడు తను గుంటూరులో బీఈడీ. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వాళ్ళు సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసి పేపరు వేశారు, ఆ తెల్ల చోటు హాస్టల్ రీడింగ్ రూములో చేతులు మారిందట. "వీళ్ళు నలుపు పూశారు, వాళ్ళు తెలుపు వదిలారు. ఏముండి ఉంటుందా అని మేం ఆడపిల్లలం కూర్చుని గొణుక్కునేవాళ్ళం, గట్టిగా అనడానికి టెన్షన్." ఇన్నేళ్ళలో అమ్మ నాకు ఈ సంగతి చెప్పలేదు. ఆ బంగళా ఆట మూడు నెలలుగా ఆడుతున్నా దాని మీద మా ఇద్దరికీ ఇంత మాట నడవలేదు.

ఇక కథ లేనివి. వర్డ్‌స్కేప్స్ 2017 నుంచి ఉంది, చక్రం, గళ్ళు, వెనకాల కొండా సముద్రం బొమ్మ. చేతికి పని కావాలంటే బాగుంటుంది, మనసుకి ఏం మిగలదు. వర్డిల్ సంగతి వేరు. జాష్ వార్డిల్ తన ఇంట్లో మనిషి కోసం చేసుకున్న ఆట అది, 2021 అక్టోబరులో బయటికొచ్చింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసుకుంది. ఐదక్షరాలు, ఆరు ప్రయత్నాలు, రోజుకొకటే మాట, అందరికీ అదే మాట. కథ లేదు గానీ, అందరికీ అదే మాట కావడం వల్ల కథ బయట నడుస్తుంది. మా బావ డాలస్ నుంచి, తన ఆట ఎలా సాగిందో చూపే ఆకుపచ్చ, పసుపు గడులు గ్రూపులో పెడతాడు, మూడో ప్రయత్నంలో కొట్టిన రోజున ఒక రకంగా, ఆరో దాంట్లో కొట్టిన రోజున ఇంకో రకంగా. ఏమీ పెట్టలేదంటే ఓడిపోయాడని అక్కకి అర్థమైపోతుంది. అతికించిన కథ కన్నా ఇది నాకు నయం.

మిగతావి టూకీగా. వర్డ్స్ ఆఫ్ వండర్స్‌లో దేశాలు తిప్పుతారు, దాన్ని కథ అనలేం, టూరిస్టు బస్సు. లెటర్ క్వెస్ట్‌లో చిట్టి యమదూత పిజ్జా కోసం బయల్దేరి, మాటలతో రాక్షసులని కొడతాడు. పెద్ద మాటకి పెద్ద దెబ్బ, కాబట్టి మాటకి కొంత విలువుంది. పిల్లలకి సరదా. ఆపిల్ వాళ్ళ చందా ఆటల సర్వీసు ఆర్కేడ్‌లో వచ్చిన డియర్ రీడర్‌లో కాపీరైట్ తీరిన పాత ఇంగ్లీషు నవలల వాక్యాల్లో మాటలు చెదరగొట్టి సరిచేయమంటారు, నవలలంటే ఇష్టమున్నవాళ్ళకే.

"తెలుగులో ఇలాంటిది చెప్పవా" అని కూడా అడుగుతున్నారు. చక్రం ఆటని ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపితే కుదరదు, ఎందుకో మీరే ఇంట్లో చేసి చూడొచ్చు. అ, ల, క, త పెట్టండి. అల, కల, తల, లత, అలక, కలత, ఆరు మాటలు, ముచ్చటగా ఉంది. ఇప్పుడు 'క' తీసి 'క్ష్మి' పెట్టండి. దానితో లక్ష్మి ఒక్కటే వస్తుంది, మిగతా మాటల్లోకి ఆ అక్షరం అడుగు పెట్టదు. గుణింతమో ఒత్తో తగిలిందంటే అక్షరం ఒకటి రెండు చోట్లకే పనికొస్తుంది, చక్రం తిరగదు. కానీ నల్ల గీత ఆటకి ఈ చిక్కు లేదు. గడికొక అక్షరం చొప్పున ఊహించుకోవడం గళ్ళ నుడికట్టు నింపినవాళ్ళందరికీ అలవాటే. తెలుగులో ఎవరైనా కథా మాటా కలిపి ఆట చేస్తే ఆ దారిలోనే చేయాలని నా కోరిక.

కాబట్టి నన్నడిగితే, కథ కావాలనుకుంటే మాట లేకపోతే కథ ఆగిపోయే ఆట వేయండి, అలాంటిది నచ్చకపోతే కథ జోలికి పోకుండా వర్డిల్ చాలు. కాదు, బంగళాయే కావాలని మీ అమ్మగారు పట్టుబడితే అదే వేయండి, కాకపోతే ముందు ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చండి. నేను ఆ నాణేల సంచీ తర్వాత మార్చాను. అమ్మకి పాస్‌వర్డ్ చెప్పలేదు. పాస్‌వర్డ్ అడిగే ఖాళీ గడి కనబడేసరికి, నల్ల గీతల అలవాటు కొద్దీ మొదట నా పేరూ తర్వాత నాన్న పేరూ కొట్టి చూసిందట.