డార్నింగ్ ఫుట్‌తో మంచుపూల బొంత

విజయనగరం గంటస్తంభం దగ్గర, మిషన్ సామాన్ల షాపులో ఈ డార్నింగ్ ఫుట్‌ని (బట్టని ఎటు కావాలంటే అటు తిప్పుతూ కుట్టడానికి కుట్టుమిషన్ సూది దగ్గర బిగించే పాదం) 350 రూపాయలకు కొన్నాను. ఢిల్లీ చలిలో ఉన్న మనవరాలికి మంచుపూల (స్నోఫ్లేక్) డిజైన్ బొంత కుట్టాలని నా కోరిక. పైనా కిందా మా అత్తయ్య కట్టిన పాత నూలు చీరలు, మధ్యలో పలచటి దూది పొర.

బట్టని ముందుకి లాగే మిషన్ పళ్లు కిందికి దించేస్తాం కాబట్టి బట్ట దానంతట అది జరగదు, మన చేతులే జరపాలి. కుట్టు పొడవు కూడా చేతి వేగాన్ని, మిషన్ వేగాన్ని బట్టే వస్తుంది. మెలికల ముగ్గులు పెట్టిన చేతికి ఇది తొందరగా పట్టుబడుతుంది. మంచుపువ్వుకి ఆరు కొమ్మలు. దారం తెంపకుండా కొమ్మ చివరిదాకా వెళ్లి, అదే గీత మీద మధ్యకి వచ్చి, పక్క కొమ్మకి వెళ్లాలి. నాకు పదో పువ్వుకి గాని కుదరలేదు, అందుకే ముందు పాత గుడ్డ మీద కుట్టి చూసుకోండి.

ఈ ఫుట్‌కి ఉన్న స్ప్రింగ్ కాస్త బిగువు. అతుకుల దగ్గర కుట్లు తప్పాయి, 14 నంబరు సూది వేశాక సర్దుకుంది. ఫుట్ దించడం మర్చిపోతే అడుగున దారం ఉండ కట్టేస్తుంది, అది చూసి దారం బిగువు మార్చే టెన్షన్ స్క్రూ జోలికి పోకండి. నా ఫుట్‌కి సూది దిగే చోట ఉన్నది మూసిన రింగు, గీత సరిగా కనపడదు. ముందువైపు తెరిచి ఉన్నది దొరికితే అదే తీసుకోండి.