నీళ్ల గిన్నెలా, పైపుల వేణువా: పిల్లలతో ఏది చేయించాలి?

సెలవులు మొదలైతే చాలు, "పిల్లలతో ఏదైనా వాయిద్యం చేయిద్దామనుకుంటున్నాం, ఏది మంచిదంటారు?" అని మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు నలుగురైనా అడుగుతారు. తేలికైనది కావాలంటే అట్టపెట్టెకు రబ్బరు బ్యాండ్లు తగిలించిన గిటారే. పది నిమిషాల్లో అయిపోతుంది, సాయంత్రానికి శ్రుతి జారిపోతుంది. కొబ్బరిచిప్ప ఏకతార చూడముచ్చటగా ఉంటుంది గానీ పనంతా నాన్నదే.

అసలు పోటీ జలతరంగానికీ (అదే, నీళ్లు పోసి పుల్లతో వాయించే గిన్నెలు), పీవీసీ పైపుల వేణువుకీ. మేం రెండూ చేశాం.

పైపులది లెక్కల పాఠం. స్వరానికొకటి చొప్పున అరంగుళం పైపు ముక్కలు, ఒక చివర ఎం-సీల్‌తో మూసేయాలి. సకి 16 సెం.మీ. అనుకుంటే పై సకి సగం, 8. పకి మూడింట రెండు వంతులు, దాదాపు 10.7. అంతర గాంధారానికి (రెండు గలలో పై గ) ఐదింట నాలుగు వంతులు, 12.8. భిన్నాలు ఎందుకని పిల్లలు మళ్లీ అడగరు. అయితే ఇంత కొలిచి కోసినా పై స్వరాలు రవ్వంత దిగి పలుకుతాయి. లోపల కదిలే గాలి పైపు అంచు దగ్గరే ఆగదు, కాస్త బయటిదాకా వస్తుంది మరి. ఎమరీ పేపరుతో అరగదీసి సరిచేసుకోవాలి. మావాడు ఉత్సాహం కొద్దీ ప పైపును మరీ అరగదీశాడు. పోయిన పొడవు తిరిగి రాదు కదా, ఏడుపొక్కటే తక్కువ.

గిన్నెలతో ఆ టెన్షన్ లేదు. నీళ్లు ఎక్కువైతే స్పూనుతో తీసేయడమే, తక్కువైతే పోయడమే. నా ఓటు అందుకే వీటికి. తప్పు దిద్దుకోవచ్చని తెలిస్తే పిల్లలు మనల్ని పిలవరు, చెవితో వాళ్లే వెతుక్కుంటారు. ఒక్క జాగ్రత్త: నీళ్లు పోస్తే గిన్నె శ్రుతి దిగుతుందే తప్ప పెరగదు. అడుగున పోసిన నీళ్లతో పెద్దగా తేడా రాదు, సగం దాటాక చకచకా దిగుతుంది. పై స్వరాలకు చిన్న గిన్నెలు కావాలి. పింగాణీవి కొట్టులోనే పుల్లతో కొట్టి చూసుకుని కొనండి. షాపతను విసుక్కుంటాడు, పర్లేదు.

పనిలో పనిగా ఒక గాజు సీసా కూడా పెట్టండి. కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ ఒకసారి స్పూనుతో కొట్టించండి, ఒకసారి మూతి మీద ఊదించండి. కొడితే శ్రుతి దిగుతూ వస్తుంది, ఊదితే ఎక్కుతూ పోతుంది! రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, "కొడితే సీసా మోగుతోంది, ఊదితే లోపలి గాలి మోగుతోంది" అన్నాడు మావాడు. ఆ ఊపులో వెళ్లి, పాడైన ప పైపును ఇంకాస్త అరగదీసి ద చేసుకున్నాడు.